‘లేదు’ అనే పదార్థం: అభావ విచారమూ, కనబడని అల్గారిథమూ

అభావం అంటే లేకపోవడం. కుండ ఉండడం ఎట్లా ఒక విషయమో, కుండ లేకపోవడమూ అట్లాగే తెలుసుకోదగిన విషయమేనా, లేక ఖాళీ నేలను చూసి మనసు అల్లుకునే మాట మాత్రమేనా అన్నది భారతీయ దర్శనాల్లో వెయ్యేళ్లకు పైగా సాగిన వాదం. న్యాయదర్శనం వారైన నైయాయికులు అభావం ఒక పదార్థమన్నారు. ప్రభాకరుని పక్షం మీమాంసకులు అటువంటిదేమీ లేదన్నారు. కుమారిల భట్టు పక్షం వారు అభావాన్ని ఒప్పుకోవడమే కాక, దాన్ని తెలుసుకోవడానికి విడిగా ఒక ప్రమాణం కావాలన్నారు. బౌద్ధులు వీళ్లందరితోనూ పేచీ పెట్టుకున్నారు. సంస్కృత పాఠశాలల్లో వల్లె వేసే పాఠంగా మిగిలిపోయిందనుకునే ఈ వాదం, కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ అమర్చే మనిషికి ‘అల్గారిథం లేదు’ అన్న సందేశం ఎదురైనప్పుడల్లా మళ్లీ మొదటికొస్తుంది.

నల్లగొండ ప్రకాశం బజార్ వంటి చోట, ఎరువుల దుకాణాలకూ చిన్న ఆసుపత్రులకూ బిల్లుల సాఫ్ట్‌వేర్ పెట్టిచ్చే ఒంటిగది ఆఫీసును ఊహించుకోవచ్చు. పాత కంప్యూటర్ మూలన పడింది, కొత్తది వచ్చింది. సర్టిఫికెట్‌నూ రహస్య తాళాన్నీ కలిపి దాచిన పీఎఫ్‌ఎక్స్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కొత్తదాంట్లో వేశారు. పాస్‌వర్డ్ కొట్టారు. ఫైలు తెరుచుకోలేదు. తెర మీద ఆర్‌సీ2-40-సీబీసీ అనే పేరు, పక్కన ‘అన్‌సపోర్టెడ్’ అన్న మాట. ఫైలు ఖరాబైందని యజమాని అనుమానం. ఫైలు బాగానే ఉంది, అల్గారిథమే లేదంటున్నదని పనిచేసే పిల్లవాడి జవాబు. “నిన్నటిదాంక ఉన్నది ఇయ్యాల ఎట్ల లేకుంట పోతది?” అని యజమాని అడిగితే పైకి విసుగులాగే వినబడుతుంది. అభావ ప్రకరణానికి గుమ్మం మాత్రం ఆ ప్రశ్నే.

వైశేషిక సంప్రదాయంలో ప్రశస్తపాదుడు పదార్థాలను ఆరుగా లెక్కించాడు: ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం. అభావానికి ఆ వరుసలో చోటు లేదు. తర్వాతివాళ్లు దాన్ని ఏడోదిగా చేర్చారు. శివాదిత్యుని గ్రంథం పేరే సప్తపదార్థి. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహం రాసేనాటికి ఏడు పదార్థాలన్నది స్థిరపడిన లెక్క. దేశంలో ఏ మూల తర్కం చదవబోయినా చేతికిచ్చే తొలి పుస్తకాల్లో అదొకటి. దాన్ని రాసింది తెలుగువాడన్న సంగతి తెలుగునాట పెద్దగా తెలియకపోవడం ఇంకో రకం అభావం.

నైయాయికులు పెట్టిన మొదటి షరతు ఏమంటే, ఊరికే ‘లేదు’ అనడం చెల్లదు. ప్రతి అభావానికీ ఒక ప్రతియోగి ఉంటుంది, అంటే ఏది లేదో అది. ఒక అనుయోగి ఉంటుంది, అంటే ఎక్కడ లేదో ఆ చోటు. ప్రతియోగిని ఏ ధర్మంతో పట్టుకుంటున్నామో అదీ చెప్పాలి. దానికి ప్రతియోగితావచ్ఛేదకమని నోరు తిరగని పేరు. కుండ లేదనడం వేరు, నల్లకుండ లేదనడం వేరు. మిథిలకు చెందిన గంగేశుడు 14వ శతాబ్దంలో తత్త్వచింతామణి రాశాక, నవ్యనైయాయికులు ఈ మూడో షరతును చెక్కడంలోనే తరాలు గడిపారు. వాళ్ల వాక్యాలు మోయలేనంత బరువు. తెర మీది సందేశానికి కావలసింది ఆ బరువే. ‘అన్‌సపోర్టెడ్’ అన్న మాట పక్కన ప్రతియోగి పేరు ఉంది, చోటు ప్రస్తావన మాత్రం స్పష్టంగా లేదు.

అభావాన్ని మొదట రెండుగా విడదీస్తారు. ఒకచోట ఒకటి లేకపోవడం సంసర్గాభావం. ఒకటి మరొకటి కాకపోవడం అన్యోన్యాభావం. సంస్కృతంలో రెంటికీ నిషేధవాచకం ఒక్కటే కాబట్టి తేడా తెలియాలంటే విభక్తులు చూడాలి: నేల సప్తమిలో ఉంటే మొదటి రకం, రెండు పేర్లూ ప్రథమలో ఉంటే రెండో రకం. తెలుగుకు ఆ తిప్పలు లేవు. నేల మీద కుండ లేదు. కుండ బట్ట కాదు. ‘లేదు’, ‘కాదు’ అని రెండు వేర్వేరు క్రియలు పుట్టుకతోనే నోట్లో ఉన్నాయి. ఈ విషయంలో తెలుగు పిల్లవాడు పాఠం మొదలుకాక ముందే సగం తార్కికుడు. సంసర్గాభావం మళ్లీ మూడు: పుట్టకముందు లేకపోవడం ప్రాగభావం, నశించాక లేకపోవడం ప్రధ్వంసాభావం, మూడు కాలాల్లోనూ ఆ చోట లేకపోవడం అత్యంతాభావం. పాలమూరు మాటల్లో చెప్పాలంటే ఇంక రాలే, పోయింది, లేనే లేదు. నాలుగోది, అది కాదు.

అల్గారిథం కనబడని సందర్భాల్లో తేలిగ్గా తెగేదీ, ఎక్కువ సమయం తినేదీ ఈ నాలుగోదే. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఎస్‌హెచ్‌ఏ-256 అని నడుమ అడ్డగీత పెట్టి అడిగితే దొరికే అల్గారిథం, అడ్డగీత తీసేసి అడిగితే పాత వెర్షన్లలో ‘నో సచ్ అల్గారిథం’ అని తిప్పికొడుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లో అడ్డగీత లేకుండానే రాస్తారు. వస్తువు ఒక్కటే, పేర్లు రెండు. ఆధార్ కార్డులో యాదగిరి, పట్టాదారు పాసుబుక్కులో యాదయ్య అని ఉన్న మనిషి ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో నల్లగొండ జిల్లాలో తెలియనివాళ్లు తక్కువ. ఊరంతటికీ అతను ఒక్కడే. యంత్రానికి మాత్రం యాదగిరి యాదయ్య కాదు. ఇక్కడ అల్గారిథానికి అభావం లేదు. రెండు పేర్ల మధ్య తాదాత్మ్యం లేదని యంత్రం అంటోంది, చదివే మనిషి ‘కాదు’ను ‘లేదు’గా వింటున్నాడు.

దీనికి దగ్గరగా ఉంటూనే దీనికంటే లోతైనది విశిష్టాభావం. గొంగడి కప్పుకున్న మనిషి మంద దగ్గర లేడు అంటే మూడు రకాలుగా నిజం కావచ్చు. అక్కడ మనిషే లేకపోవచ్చు. మనిషి ఉండి భుజాన గొంగడి లేకపోవచ్చు. రెండూ లేకపోవచ్చు. వాక్యం మూడు సందర్భాల్లోనూ ఒకటే. శాస్త్రగ్రంథాల్లో ఇదే ఉదాహరణ కర్ర పట్టుకున్న మనిషితో చెబుతారు. ఇప్పుడు జావాలో వచ్చే ఒక ప్రసిద్ధమైన మొర చూడవచ్చు: ఏఈఎస్/సీబీసీ/పీకేసీఎస్7ప్యాడింగ్‌ను అందించే ప్రొవైడర్ ఏదీ లేదు. ప్రొవైడర్ అంటే అల్గారిథాలను అందించే భాగం. చదివినవాళ్లు ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతే లేదనుకుంటారు. ఏఈఎస్ ఉంది, సీబీసీ ఉంది. లేనిది మూడో ముక్క. జావాతో వచ్చే మామూలు ప్రొవైడర్ ఆ ప్యాడింగ్‌ను పీకేసీఎస్5 అనే పేరుతోనే గుర్తిస్తుంది; ఏఈఎస్‌తో వాడినప్పుడు ఆ పేరు కింద జరిగే పని పీకేసీఎస్7దే. అంటే విశేషణం పేరులోని ఒక అంకె తేడాకు విశిష్టం మొత్తం లేదని తీర్పు వచ్చింది. బౌన్సీక్యాసిల్ వంటి వేరే ప్రొవైడర్‌ను చేర్చుకుంటే ఆ పేరు దొరుకుతుంది, చేర్చకుండా అంకె మార్చినా పని జరుగుతుంది. ఏది చేయాలో తెలియడానికి ముందు, గొంగడి లేదా మనిషి లేడా అన్నది తేలాలి.

ప్రకాశం బజార్ ఆఫీసులోని ఆర్‌సీ2 కథ వేరు. దాని అర్థం పట్టుకోవడానికి కృష్ణా తుంగభద్రల సంగమం దాకా వెళ్లాలి. కూడవెల్లిలో సంగమేశ్వరాలయం చాళుక్యుల కాలపు రాతికట్టడం. శ్రీశైలం జలాశయం నిండితే ఆ చోటు మునుగుతుంది. అందుకని గుడిని రాయి రాయిగా విప్పి, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపూర్‌కు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు అలంపూర్ జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. కూడవెల్లికి వెళ్లి గుడి ఏదని అడిగితే లేదు అన్నదే నిజం. గుడి పోయిందంటే మాత్రం అబద్ధం. ఆ చోట దాని సంసర్గం లేదు, అంతే. అనుయోగి మారితే వాక్యమే మారిపోతుంది. అదే నదికి దిగువన నాగార్జునకొండ లోయలో రెండు రకాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. 1955లో సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది, ఆ చుట్టుపక్కల సంవత్సరాల్లోనే లోయలో తవ్వకాలు సాగాయి, కొన్ని కట్టడాలను పైకి తెచ్చి మళ్లీ కట్టారు. తేలేకపోయిన ప్రాచీన నగరం విజయపురి మిగతా భాగం నీళ్ల కింద ఉండిపోయింది.

2021 సెప్టెంబర్ 7న విడుదలైన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 పాత అల్గారిథాలకు కూడవెల్లి గుడికి చేసినట్టే చేసింది. ఆర్‌సీ2, ఆర్‌సీ4, సింగిల్ డీఈఎస్, బ్లోఫిష్, ఎండీ4 వంటివాటిని మామూలు గదిలోంచి తీసి ‘లెగసీ’ అనే వేరే ప్రొవైడర్‌లోకి తరలించింది. పిలిస్తే పలుకుతాయి, పిలవకపోతే లేనట్టే. అంతకుముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో తయారైన పీఎఫ్‌ఎక్స్ ఫైళ్లలో సర్టిఫికెట్‌కు తాళం వేసే అలవాటు పద్ధతి 40 బిట్ల ఆర్‌సీ2. కాబట్టి ఫైలు చెడలేదు, పాస్‌వర్డ్ తప్పలేదు, అల్గారిథం నశించలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన, జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపే నోడ్ 17తో వెబ్‌ప్యాక్ వాడే ప్రోగ్రామర్లు ఒక్కసారిగా ఇదే గోతిలో పడ్డారు. వాళ్లకు దొరకనిది ఎండీ4.

తరలింపు అర్థమైనవాళ్లు కూడా తప్పు చేసే చోటు ఒకటుంది. సెట్టింగుల ఫైలులో లెగసీ ప్రొవైడర్‌ను తెరవమని రాస్తారు. దాంతో ఆర్‌సీ2 దొరుకుతుంది, అంతవరకు బాగానే ఉన్న ఏఈఎస్ మాయమవుతుంది. ఎవరూ ఏ ప్రొవైడర్ పేరూ చెప్పనప్పుడే ‘డిఫాల్ట్’ తనంతట తాను వస్తుంది. ఒక్క పేరు చెప్పినా, దాన్ని కూడా పేరు పెట్టి పిలవాల్సిందే. పెళ్లికి ఇంటివాళ్లను వేరే పిలవాలా అనుకుని చుట్టాల పేర్లు మాత్రమే రాసి దండోరా వేయించినట్టు ఉంటుంది. ఒక అభావాన్ని తొలగించబోయి ఇంకొకదాన్ని పుట్టించడమంటే ఇదే.

ఇంతకీ అన్ని ‘లేదు’లూ అభావాలేనా? కొన్ని నిషేధాలు. మీమాంసకులు నిషేధవాక్యాలను తడిమి తడిమి చూసినవాళ్లు. వాళ్ల లెక్కలో ప్రాప్తి ఉన్నచోటే నిషేధానికి అర్థం. మనిషి చేయబోయే పనినే వద్దంటారు. పాలమూరులో సముద్రస్నానం చేయరాదని ఏ పెద్దమనిషీ తీర్మానం చేయడు. అందుకని వద్దు అన్న మాటే ఆ వస్తువు అందుబాటులో ఉందనడానికి సాక్ష్యం. జావాలో, నెట్‌వర్క్ సంభాషణకు భద్రత ఇచ్చే టీఎల్‌ఎస్‌కు సంబంధించి ‘డిజేబుల్డ్ అల్గారిథమ్స్’ అనే వరుస ఒకటి సెట్టింగుల ఫైలులో ఉంటుంది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన సవరణలతో జావా 8, 11లలో టీఎల్‌ఎస్ 1.0, 1.1 ఆ వరుసలోకి చేరాయి. ఆ మర్నాడు పాత డేటాబేసులతో మాట్లాడలేక ఆగిపోయిన సాఫ్ట్‌వేర్లకు తెర మీద మొదట కనిపించిన మాట ‘తగిన ప్రొటోకాల్ లేదు’ అనే. ఉన్నది, వాడొద్దన్నారు అన్న సూచన ఆ తర్వాత బ్రాకెట్లలో ఉండేది.

నిషేధం వెనుక రాజ్యం ఉన్న ఉదంతం ఇంకా పెద్దది. అమెరికాలో 1996 దాకా గట్టి ఎన్‌క్రిప్షన్ ఆయుధాల జాబితాలో ఉండేది. ఎగుమతి చేయాలంటే తాళం బలహీనంగా ఉండాలి. ఆర్‌సీ2 పక్కనున్న 40 ఆ కాలపు మచ్చ. 40 బిట్ల తాళానికి మొత్తం అవకాశాలు సుమారు 1.1 లక్షల కోట్లు. చెవికి పెద్దగా వినబడుతుంది కానీ నేటి యంత్రానికి అదేమీ లెక్క కాదు. 2000 జనవరిలో ఆంక్షలు బాగా సడలాయి. జావాలో వాటి నీడ ఇంకో 17 ఏళ్లు మిగిలింది. ఏఈఎస్ లోపల పూర్తిగా ఉన్నా 128 బిట్లు దాటిన తాళం పెడితే ‘ఇల్లీగల్ కీ సైజ్’ అనేది. అన్‌లిమిటెడ్ పాలసీ ఫైళ్లను విడిగా దించుకుని ఒక ఫోల్డర్‌లో పాత వాటి మీద వేయాలి. 2017లో జావా 9తో, 2018 జనవరిలో జావా 8 సవరణ 161తో ఆ అడ్డు డిఫాల్ట్‌గా తొలగింది. ఈ ఉదంతంలో యంత్రం కొంత నిజాయితీగానే మాట్లాడింది, చెల్లదు అన్నది. అదే యంత్రం టీఎల్‌ఎస్ చర్చల్లో మాత్రం 256 బిట్ల పద్ధతులను జాబితాలోంచి చప్పుడు చేయకుండా తీసేసేది, అవతలివాళ్లకు అవే కావాలంటే కరచాలనం విఫలమైందని మాత్రం చెప్పేది. కారణం కోసం మనుషులు నెట్‌వర్క్ తీగలు పట్టి చూసేవారు.

నిషేధాన్ని అభావంగా పొరబడితే చికిత్సలో పెద్ద తప్పు జరుగుతుంది. లేని వస్తువును తెచ్చి పెట్టడం మంచి పనే. వద్దన్నదాన్ని మళ్లీ తెరవడానికి ముందు ఎందుకు వద్దన్నారో అడగాలి. ‘పని నడిస్తే చాలు’ అనే తొందరలో నిషేధాల వరుసను మొత్తం చెరిపేసే అలవాటు చిన్న ఆఫీసుల్లోనే కాదు, పెద్దవాటిలోనూ ఉంది. అది మరమ్మతు కాదు, ఇంటి గొళ్లెం పీకి పారేయడం.

ప్రధ్వంసాభావం దగ్గర నిజంగా తాత్త్వికమైన చిక్కు ఒకటి వస్తుంది. అల్గారిథం నశిస్తుందా? 1977లో అమెరికా ప్రమాణంగా వెలువడిన డీఈఎస్ తాళం 56 బిట్లు. 1998లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ కట్టించిన యంత్రం దాన్ని 56 గంటల్లో వెతికి పట్టింది. 2001లో ఏఈఎస్ ప్రమాణమైంది, 2005లో డీఈఎస్ ప్రమాణాన్ని ఉపసంహరించుకున్నారు. ఎస్‌హెచ్‌ఏ-1కు 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధనా కేంద్రం, గూగుల్ కలిసి రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే ముద్ర వచ్చేట్టు చేసి చూపాయి. వీటిని చనిపోయిన అల్గారిథాలంటారు. న్యాయశాస్త్రం ఆ మాటను ఒప్పుకోదు. కుండలు పగులుతాయి, కుండతనం పగలదు. వ్యక్తి అనిత్యం, సామాన్యం నిత్యం. డీఈఎస్ అనే గణితపద్ధతి సామాన్యం వంటిది. ఒక హార్డ్‌డిస్కులో దాన్ని నడిపే కోడ్ వ్యక్తి. నశించగలిగేది కోడ్ ఒక్కటే. పద్ధతిని ఉపసంహరించుకున్న ప్రమాణపత్రంలోనే దాని విధానమంతా ఇప్పటికీ చదువుకోవచ్చు. అయితే సామాన్యం ఎన్నడూ వ్యక్తులు లేకుండా కనబడదు కాబట్టి, కోడ్ తీసేసిన యంత్రంలో కూర్చున్నవాడికి ఈ ఊరట పనికిరాదు. అతనికి కావలసింది వ్యక్తి.

ప్రధ్వంసానికి మొదలుంది, తుద లేదు. పగిలిన కుండ స్థానంలో వచ్చేది మరో కుండే గానీ అదే కుండ కాదు. దీన్నే పరీక్షగా వాడుకోవచ్చు: సెట్టింగు మార్చగానే తిరిగొచ్చిన అల్గారిథం పోయింది కాదు, దాచింది.

‘లేదు’ అన్న సందేశానికి నాగార్జునుని విగ్రహవ్యావర్తనిలో ఒక జవాబుంది. నాగార్జునకొండకు ఆయన పేరు రావడం సంప్రదాయం వల్ల. అక్కడి శాసనాలు ఇక్ష్వాకులవి. గ్రంథం మాత్రం ఆయనదే. అందులో ప్రత్యర్థి ఇట్లా అడుగుతాడు: లేనిదాన్ని లేదని చెప్పడమెందుకు, మాట అక్కర లేకుండానే అది లేదు కదా. దేవదత్తుడు ఇంట్లో లేడని ఎవరైనా అన్నప్పుడు ఆ మాట అతన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టదు, లేడని తెలియజేస్తుందంతే అని నాగార్జునుడు బదులిస్తాడు. సందేశం తెలియజేసేది మాత్రమే. దాన్ని మూసేసినంత మాత్రాన, దాన్ని పట్టుకుని మింగేసే కోడ్ రాసినంత మాత్రాన అల్గారిథం ఇంటికి రాదు. శూన్యత అంటే ఈ అభావమేనని అనుకోవడం మాత్రం పొరపాటు; నాగార్జునుని శూన్యత వస్తువు లేకపోవడం కాదు, వస్తువుకు సొంత స్వభావం లేకపోవడం.

ఇక లేదని తెలిసేది ఎట్లా? నైయాయికుడు కంటితోనే అంటాడు. ఖాళీ నేలను చూసే చూపే కుండ లేకపోవడాన్నీ చూస్తుంది. భాట్ట మీమాంసకుడు కన్ను ఉన్నదాన్నే చూస్తుంది, లేనిదాన్ని చూడలేదంటాడు. అందుకు అనుపలబ్ధి, అంటే దొరకకపోవడం, అనే ఆరో ప్రమాణం పెడతాడు. బౌద్ధుడైన ధర్మకీర్తికి అదొక అనుమాన ప్రమాణం: ఖాళీ నేల కనబడడమే కుండ కనబడకపోవడం, దాన్నుంచి లేదని తేలుస్తాం. దారులు వేరైనా అందరూ ఒక్క షరతు దగ్గర కలుస్తారు. ఉంటే కనబడి ఉండేదే అయితేనే, కనబడకపోవడానికి విలువ. దీన్నే యోగ్యత అంటారు. చీకటి గదిలో కుండ కనబడకపోతే కుండ లేదనకూడదు. పిశాచం కనబడలేదని లేదనీ అనకూడదు, ఉంటే మాత్రం కనబడుతుందా?

ఈ యోగ్యత ఏమిటో నల్లగొండ జిల్లా తన ఎముకలతో నేర్చుకుంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల బోరునీళ్లు ఇత్తడి చెంబులో తేటగా మెరుస్తాయి. రంగు లేదు, వాసన లేదు. ఆ నీళ్లే పళ్లకు గారపట్టించి, నడుములు వంచి, కాళ్లు వంకర్లు తిప్పాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. దాటిందో లేదో చూపుకు అందదు. కన్ను అక్కడ యోగ్యమైన సాధనం కాదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ పెట్టిన పేరు ‘నల్లగొండ టెక్నిక్’. ఒక జిల్లా పేరు ఒక కంటికి కనబడని వస్తువు వల్ల ప్రపంచ గ్రంథాల్లోకి ఎక్కింది.

కంప్యూటర్‌లో యోగ్యత తప్పే తీరు ఇంత విషాదమైనది కాదు, ఇంతే తేట. ఒకే యంత్రంలో జావా 8, జావా 17 రెండూ ఉంటాయి. కమాండ్ తెరిచి చూసినవాడికి 17 కనబడుతుంది, అల్గారిథం ఉందని తేలుతుంది. సాఫ్ట్‌వేర్ తన ఫోల్డర్‌లో తెచ్చుకున్న మూడో జావాతో నడుస్తుంది, అందులో అది లేదు. వెతికింది ఒక చోట, కావలసింది ఇంకో చోట. ముందుగా తేల్చాల్సింది సాఫ్ట్‌వేర్ ఏ జావాను వాడుతోంది, ఏ సెట్టింగుల ఫైలును చదువుతోంది అన్నది. అనుయోగి తేలకుండా చేసిన వెతుకులాట ఎంత సేపు సాగినా అనుపలబ్ధి కాదు.

సందేశాన్నే నమ్మితే సరిపోదా అంటే, అది శబ్దప్రమాణం. ఆప్తుడు చెబితేనే అది చెల్లుతుంది, ఆప్తుడంటే విషయం తెలిసి, తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడు. సందేశం రాసిన ప్రోగ్రామర్ ఆ వైఫల్యానికి ఏదో ఒక కారణాన్ని ఊహించి రాసి ఉంటాడు. కొత్త పద్ధతిలో ఏఈఎస్‌తో భద్రపరచిన పీఎఫ్‌ఎక్స్ ఫైలును పాత విండోస్ సర్వర్‌లో తెరవబోతే పాస్‌వర్డ్ తప్పంటుంది. పాస్‌వర్డ్ తప్పు కాదు, దాన్ని పరీక్షించే పద్ధతి ఆ యంత్రానికి తెలియదు. అల్గారిథం లేదని ఒకచోట లేనిపోని లేమిని చాటే యంత్రాలు, నిజంగా లేనిచోట నేరం మనిషి వేళ్ల మీదికి నెడతాయి.

ఇక్కడ ప్రాభాకరుని మాట ఉపయోగపడుతుంది, తత్త్వంగా ఎవరు గెలిచినా సరే. అతని లెక్కలో అభావమంటూ వేరే ఏదీ లేదు, ఖాళీ నేల ఒక్కటే ఉంది. అయితే నేలను చూద్దాం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను ఉన్న ప్రొవైడర్లన్నీ, ఉన్న సైఫర్లన్నీ జాబితా ఇవ్వమని అడగవచ్చు. జావాలోనూ ప్రొవైడర్ల పేర్లు, ఒక్కొక్కటి అందించే అల్గారిథాల పేర్లు నాలుగు వరుసల కోడ్‌తో రాబట్టవచ్చు. లేనిదాని గురించి గంటసేపు ఊహించడం కంటే ఉన్నవాటి జాబితా అయిదు నిమిషాలు చదవడం నయం. పేరులో అడ్డగీత తేడా అయితే ఆ జాబితాలోనే పట్టుబడుతుంది, గది మారినదైతే ఆ గది పేరు లేదని తెలుస్తుంది.

ప్రాగభావం గురించి చెప్పాల్సింది తక్కువే గానీ విచిత్రమైనది. దానికి మొదలు లేదు, తుద ఉంది. వస్తువు పుట్టగానే అది ముగుస్తుంది, పైగా ఆ వస్తువు పుట్టడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటని నైయాయికులు లెక్కిస్తారు. క్వాంటం కంప్యూటర్లకు లొంగకూడదని తయారుచేసిన ఎంఎల్-కెమ్ 2024 ఆగస్టు 13న ప్రమాణమైంది. 2025 మార్చిలో జావా 24, ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.5 దాన్ని తెచ్చాయి. జావా 8తో నడిచే యంత్రాన్ని దాని పేరు అడిగితే లేదంటుంది. ఈ ‘లేదు’కు సెట్టింగుల్లో మందు లేదు, పేరు సరిచేస్తే రాదు, లెగసీ గదిలో దొరకదు. అది ఇంక రాలే. వెర్షన్ మార్చాలి, లేదా ఆ పేరును ఇచ్చే ప్రొవైడర్‌ను బయటినుంచి చేర్చాలి.

ప్రకాశం బజార్ ఆఫీసులో చేయాల్సింది చిన్నది. కొత్త కంప్యూటర్‌లోనే లెగసీ ప్రొవైడర్‌ను ఒక్కసారి, ఒక్క కమాండ్ వరకే పిలిచి ఫైలును తెరవాలి. లోపలి సర్టిఫికెట్‌నూ తాళాన్నీ ఏఈఎస్-256తో కొత్త పీఎఫ్‌ఎక్స్‌గా భద్రపరచాలి. నడుమ పుట్టిన, తాళం వేయని ఫైలును చెరిపేయాలి. చాలామంది మరిచేది దీన్నే. ఆ తర్వాత మామూలు సెట్టింగులతోనే ఫైలు తెరుచుకుంటుంది. ఆర్‌సీ2 మాత్రం మునుపటిలాగే డిఫాల్ట్ గదిలో ఉండదు, దాన్ని ఎవరూ అడగరు. ఎవరూ అడగని ఆ లేమి ఇంకా అక్కడ ఉన్నట్టేనా అంటే ఉంది అంటాడు నైయాయికుడు, అడిగినా అడగకపోయినా. ప్రాభాకరునికి అక్కడ కనబడేది హార్డ్‌డిస్కు ఒక్కటే.